నిలబడితే చాలదా?

ఒకప్పుడు పల్లెగా వుండిన మా గోపన్‌పల్లిలో నేడు మేడకొక ఊరు కాపురముంటున్నది. మా మెట్లవరుసలోనే తెలుగువారు, బెంగాలీలు, మలయాళీ క్రైస్తవులు, లక్నో ముస్లిములు వున్నారు. పిల్లలంతా ఒకే బస్సెక్కి బడికి పోతారు. పెద్దలకు పేచీ వచ్చేదల్లా బడి ప్రార్థన దగ్గరే. "అందరితోపాటు చేతులు జోడిస్తే సొమ్మేం పోయింది?" అంటారొకరు. "యింట్లో ఒకటి చెప్పి, బడిలో మరొకటి చేయిస్తే పిల్లవాడు ఎవరి మాట వినాలి?" అంటారింకొకరు.

యీ పేచీ కొత్తది కాదు. కేరళలో యెహోవాసాక్షుల శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు బడిలో జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు. పాడేవారు మాత్రం కారు. తమ మతం ఒప్పదని వారి నమ్మకం. ఎన్నో ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. చివరకు ఒక శాసనసభ్యుడు సభలో ప్రశ్న వేశాడు. విచారణ జరిగింది. పిల్లలు బుద్ధిమంతులేనని, గీతాన్ని అవమానించలేదని తేలింది. అయినా 1985 జూలైలో వారిని బడినుంచి తీసేశారు. హైకోర్టూ ఆదుకోలేదు.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో తీర్పు చెప్పినవారు మన తెలుగువారే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. నిలబడటంలోనే గౌరవం వుంది, పాడకపోవటం అవమానం కాదు, పిల్లలను తిరిగి చేర్చుకోండి అన్నది దాని సారాంశం. ఒకరి విశ్వాసం మన బుద్ధికి నచ్చిందా లేదా అన్నది కాదు, వారు దానిని మనసా నమ్ముతున్నారా అన్నదే చూడాలన్నారు.

ప్రార్థన సంగతి రాజ్యాంగం 28వ అధికరణంలోనే వుంది. ప్రభుత్వ గుర్తింపుగాని, గ్రాంటుగాని పొందిన ఏ బడీ తల్లిదండ్రుల సమ్మతి లేనిదే పిల్లలను మతారాధనకు రమ్మని నిర్బంధించరాదు. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బళ్ళలో మతబోధే కూడదు.

అయితే మా పొరుగింటి ఆవిడ బడికి చీటీ వ్రాసి కూడా పంపలేదు. "నలుగురిలో వాడొక్కడే వేరైపోతాడండీ!" అన్నారు నాతో. హక్కు వుండీ వాడుకోలేని అవస్థ అది.

అన్ని మతాల ప్రార్థనలూ వరుసగా చెప్పిస్తే సరిపోతుందని కొందరి అభిప్రాయం. అది మంచిదే. కాని అప్పుడూ వూరక నిలబడే పిల్లవాడు ఒకడుంటాడు. వాణ్ణి వేలెత్తి చూపకూడదని బడిలో పంతులుగారు, యింట్లో మనం నేర్పాలి. యీసారి బళ్ళు తెరిచేలోగా ఆ ముగ్గురు పిల్లల కథ మీ పిల్లలకు చెప్పి చూడండి.