జీపులో తీపి వాసన ఎందుకు?

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్తుంటే తీపి వాసన వచ్చిందా? చెరకు ఫ్యాక్టరీది కాదు. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015లోనే మూతపడింది. కిటికీలు మూసినా మీ డీజిల్ బొలెరోలో ఆ వాసన వదలకపోతే కూలెంట్‌ను అనుమానించాలి.

కూలెంట్‌లో సాధారణంగా నీళ్లతోపాటు ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. తీపి వాసన దానిదే. ఈ మిశ్రమం ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్తుంది. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి, గ్లైకాల్ 197 దాకా ఆగుతుంది. పైగా బిగించిన మూత వల్ల లోపల ఒత్తిడి పెరిగి, మరగడం ఇంకా ఆలస్యమవుతుంది. పాత గొట్టంలో సన్నని చీలిక దొరికితే చాలు, ఆ ఒత్తిడే కూలెంట్‌ను బయటికి తోస్తుంది. వేడి ఇనుము మీద పడ్డ చుక్క అక్కడే ఆవిరైపోతుంది. బండి కింద తడి లేకున్నా వాసన వచ్చేది అందుకే.

హీటర్ వేస్తే వాసన పెరిగి, అద్దం లోపల జిడ్డు పొర పడితే తప్పు డ్యాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్‌ది. బానెట్ దగ్గరైతే గొట్టాలు, క్లిప్పులు, వాటర్ పంపు చూడాలి. చుక్క కారకుండానే కూలెంట్ తగ్గుతూ, సైలెన్సర్ తెల్లపొగ ఆపకపోతే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. జేబుకు పెద్ద చిల్లే!

వేడి మీద మూత తీయొద్దు, కూలెంట్ మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. రుచి అసలే చూడొద్దు, అది విషం. ఇంజిన్ చల్లారాక మెకానిక్ చేతిపంపుతో రేడియేటర్‌లోకి ఒత్తిడి ఎక్కించి, చుక్క ఎక్కడ ఊరుతుందో చూస్తాడు.