డీజెలు నూనెతో ఇండ్లను వెచ్చజేయుట

డీజెలు నూనె అనగానే లారీలు, బస్సులు, పొలములలోని పంపులు జ్ఞప్తికి వచ్చును. చలిదేశములలో ఇట్టి నూనెనే శీతకాలమున ఇండ్లను వెచ్చజేయుటకు కూడ కాల్చుదురు. ఇంటి బాయిలరులో నూనె మండి నీటిని కాచును; ఆ వేడినీరు గొట్టముల ద్వారా గదిగదికి ప్రవహించును. రెండు నూనెలును దాదాపు ఒకటే యగుటచేత, పన్నులేని ఇంటి నూనెను బండ్లలో పోయకుండుటకై అమెరికాలో దానికి ఎర్రరంగు కలుపుదురు.

ఎంత చలియో అంత నూనె కాల్చవలెను గదా యని తోచవచ్చును. లెక్కలు ఆ మాటను బలపరచవు. ఐర్లండులో చలి మరీ తీవ్రము కాదు. అయినను 2016 జనాభా లెక్కల నాటికి అచట నూటికి సుమారు 40 ఇండ్లలో నూనెయే వాడుచుండిరి. పల్లెలలో ఇండ్లు దూరదూరముగా నుండుటచే గ్యాసు గొట్టములు అచటికి చేరలేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రములో సగమునకు మించిన ఇండ్లు నూనెపై ఆధారపడుటకు కూడ ఇదియే ముఖ్యకారణము.

నార్వే వీటికంటె ఉత్తరమున నున్న చలిదేశము. కాని అచట జలవిద్యుత్తు సమృద్ధిగా లభించును. కనుకనే సాధారణ భవనములను వెచ్చజేయుటకు ఖనిజ నూనెను కాల్చరాదని 2020 నుండి నిషేధింపగలిగిరి.

డెన్మార్కు మార్గము వేరు. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన నాటికి ఆ దేశపు శక్తిలో నూటికి సుమారు 90 పాళ్లు చమురు నుండియే వచ్చుచుండెను. ఆ దెబ్బ తగిలిన పిమ్మట, విద్యుత్కేంద్రములలో వృథాగా పోవు వేడితో నీటిని కాచి, భూమిలో పాతిన గొట్టముల ద్వారా ఇండ్లకు పంపు పద్ధతిని విస్తరింపజేసిరి. నేడు మూడింట రెండు వంతుల ఇండ్లకు వేడి ఇట్లే చేరుచున్నది.

ఈ తేడా వలన కలుగు ఫలితము చిన్నది కాదు. ఒక లీటరు డీజెలు నూనె మండినప్పుడు సుమారు 10 యూనిట్ల ఉష్ణశక్తి వెలువడును. దానితోపాటు దాదాపు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. లీటరు నూనె బరువు 0.85 కిలో మాత్రమే గదా, ఇంత వాయువు ఎట్లు వచ్చెను? నూనెలోని కర్బనముతో గాలిలోని ఆమ్లజని కలియుటచే బరువు పెరుగును. ఏటా 2,000 లీటర్లు కాల్చు ఇంటి నుండి సుమారు 5.4 టన్నుల వాయువు వెలువడును.

కావున దేశములను పోల్చునపుడు మొత్తము లీటర్లను మాత్రమే చూచిన చాలదు. జనాభా ఎంత, చలి ఎంత, నూనెకు బదులుగా వేరు వేడి ఇంటికి అందునా అనునవి కూడ చూడవలెను. నూనె వాడుకను నిర్ణయించుటలో చలికంటె ఈ కడపటిదే ప్రధానము.