దిద్దరాని తప్పులు

అసలు ప్రతి ఏది, నకలు ఏది అన్న ప్రశ్న మన సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. తాళపత్రాల మీది కావ్యాన్ని అచ్చుకు సిద్ధం చేసే పరిష్కర్త అడుగడుగునా ఈ చిక్కులోనే పడతాడు. ఎన్నడో ఒక వ్రాయసకాడు పొరపాటున ఒక అక్షరం మార్చి వ్రాసినాడు. ఆ మారిన అక్షరంతోనే పద్యం నాలుగు తరాల నోళ్లలో నానినది. ఇప్పుడు దానిని దిద్దవలెనా, ఉన్నదానిని ఉన్నట్లు ఉంచవలెనా? సరిగ్గా ఇటువంటి వివాదమే నేడు సంగీత ప్రపంచంలో ఒక పాత యంత్రం చుట్టూ నడుస్తున్నది. ఆ యంత్రం పేరు డి.ఎక్స్.7. జపాను దేశపు యమహా సంస్థ 1983లో దానిని విపణిలోకి తెచ్చినది.

చూడడానికి అది 61 మెట్లు గల కీబోర్డు. హార్మోనియంలో వలె లోపల రీడ్లు లేవు. వీణకు వలె తీగలు లేవు. విద్యుత్తుతో నాదాన్ని కల్పించే ఇటువంటి వాద్యాలను సింథసైజర్లు అంటారు. అంతకు ముందరి సింథసైజర్లలో చాలవరకు విద్యుత్ తరంగమే నేరుగా నాదమయ్యేది. వేడిమి మారితే శ్రుతి చలించేది. ఒకే నమూనాలోని రెండు యంత్రాలు కూడా అచ్చంగా ఒకే తీరున పలికేవి కావు. డి.ఎక్స్.7 అటువంటిది కాదు. దానిలో నాదం మొదట అంకెలుగా పుడుతుంది. లెక్క పూర్తి అయిన తరువాతనే ఆ అంకెలు విద్యుత్ తరంగాలుగా మారి మన చెవికి చేరతాయి.

ఇక్కడనే అసలు ప్రశ్న తల ఎత్తుతున్నది. రెండు రెళ్లు హమమత్సులోనూ నాలుగే, హనుమకొండలోనూ నాలుగే. నాదమంతా లెక్కయే అయినప్పుడు, అదే లెక్కను నేటి కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ చేత చేయిస్తే అదే నాదం రావలెను గదా? వచ్చినదని కొందరు, రాలేదని కొందరు. రాలేదన్నవారిని ఛాందసులని కొట్టివేయడం సులభమే గాని, న్యాయం కాదు.

వివాదం అర్థం కావలెనంటే యంత్రం పుట్టుక కొంత తెలియవలెను. 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త కంప్యూటరు మీద ప్రయోగాలు చేస్తున్నాడు. స్వరాన్ని సన్నగా ఊపడం, అంటే మన గమకాలలో కంపితం వంటిది, పాశ్చాత్య సంగీతంలోనూ ఉన్నది. సెకనుకు ఆరేడు మార్లు ఊగితే చెవికి అది ఊపుగానే తెలుస్తుంది. చౌనింగ్ ఆ ఊపు వేగాన్ని పెంచుకుంటూ పోయినాడు. ఇరవై మార్లు, యాభై మార్లు, వంద మార్లు. ఒక హద్దు దాటిన తరువాత చెవి ఊపును గుర్తించడం మానివేసినది. దాని స్థానంలో ఒక కొత్త నాదవర్ణం వినిపించినది. సాదా తరంగాలు రెండే. ఒకటి రెండవదానిని ఊపుతున్నది. అయినా పుట్టిన నాదంలో లేని పైస్థాయి కంపనలన్నీ వచ్చి చేరినవి. రెండు తరంగాల పౌనఃపున్యాల నిష్పత్తి ఒకటికి రెండు, రెండుకు మూడు వలె సరళంగా ఉంటే వాద్యపు గొంతు వచ్చినది. పొందిక లేని నిష్పత్తి అయితే గంట మ్రోత వచ్చినది. రేడియో విషయంలో మనం వినే ఎఫ్.ఎం. అన్న మాట వెనుక ఉన్న సూత్రమే ఇది. రేడియోలో అది వార్తను మోసుకువస్తుంది. ఇక్కడ తానే వాద్యమైనది.

చౌనింగ్ తన పరిశోధనను 1973లో ప్రకటించినాడు. అమెరికాలోని ఆర్గాన్ల తయారీదారులు దీనిలో తమకు పనికివచ్చేది ఏమీ కనిపించలేదన్నారు. యమహా ఇంజనీర్లకు కనిపించినది. అయితే విశ్వవిద్యాలయపు పెద్ద కంప్యూటరు చేసే పనిని ఒక మనిషి చంకన పెట్టుకుపోగల పెట్టెలో ఇమడ్చడానికి వారికి దాదాపు పదేళ్లు పట్టినది.

ఆ ఇమడ్చడంలోనే మన కథకు కావలసిన రహస్యమున్నది. డి.ఎక్స్.7లో ఒక్కొక్క స్వరానికి ఆరు తరంగాలు. వాటిని ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతులు 32. ఏకకాలంలో 16 స్వరాలు పలుకుతాయి గనుక మొత్తం 96 తరంగాలు. వీటన్నిటి విలువలను సెకనుకు 49,096 మార్లు లెక్క కట్టవలెను. గుణించి చూచినచో సెకనుకు 47 లక్షల పైచిలుకు. ఆనాటి చౌకరకం చిప్‌కు ఇన్ని గుణకారాలు శక్తికి మించిన పని. అందుచేత ఇంజనీర్లు ప్రతి హైస్కూలు విద్యార్థికీ తెలిసిన ఉపాయమే పట్టినారు. లాగరిథముల సాయంతో గుణకారాన్ని కూడికగా మార్చినారు. సైను విలువల లాగరిథములను ముందుగానే చిప్‌లో చెక్కి ఉంచినారు. అదీ పూర్తి పట్టిక కాదు, పావు వంతే; తక్కిన మూడు పావులూ దాని ప్రతిబింబాలే గదా. (సైను వక్రం ఎందుకు నేర్చుకోవలెనని అడిగే పిల్లలకు లెక్కల మాస్టారు ఈ సంగతి చెప్పవచ్చును.)

నాలుగు స్థానాల లాగరిథమ్ పట్టికతో లెక్క చేసినవారికి ఒక సంగతి అనుభవమే. కడపటి అంకె ఎప్పుడూ అనుమానమే. ఈ చిప్‌లోనూ అంతే. ప్రతి లెక్కలోనూ తోక అంకెలు కొంచెం తెగుతాయి. తెగిన ఫలితమే మరొక తరంగాన్ని ఊపుతుంది. ఆ పొరపాటు మరొక పొరపాటును కంటుంది. ఆపైన అంకెలను విద్యుత్తుగా మార్చే భాగం 12 బిట్లది మాత్రమే. మెల్లని ధ్వనిని, పెద్ద ధ్వనిని రెంటినీ దానితోనే కొలవడానికి, ధ్వనిని బట్టి కొలమానాన్ని మార్చే ఏర్పాటు చేసినారు. బంగారం తూచే త్రాసు మీద గురిగింజ ఎత్తు తేడా తెలుస్తుంది. బియ్యం తూచే కాటా మీద తెలియదు. నాదం పెద్దదైనప్పుడు ఈ యంత్రం కాటాకు మారుతుంది. ఫలితంగా నాదంతోపాటు ఒక సన్నని గరుకుదనం పెరుగుతూ తగ్గుతూ వస్తుంది. వినేవాడు దానిని లోపమని గుర్తించడు. ఆ వాద్యపు గొంతే అంతయనుకుంటాడు.

కంప్యూటర్లు బలం పుంజుకున్న తరువాత ఈ వాద్యానికి సాఫ్ట్‌వేర్ ప్రతులు రావడం మొదలైనది. బెర్లినులోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 2001లో తెచ్చిన ఎఫ్.ఎం.7 అటువంటిది. పాత యంత్రం కోసం తయారైన నాదాల వివరాలను అది యథాతథంగా చదువుకోగలిగినది. ఇది చిన్న సంగతి కాదు. డి.ఎక్స్.7లో ఒక నాదం వర్ణన అంతా 128 బైట్లలో ఇముడుతుంది. నేటి కంప్యూటరు తెలుగు లిపిని దాచుకునే పద్ధతిలో చూస్తే ఒక ఉత్పలమాల పాదానికి ఇంచుమించు అంతే చోటు కావలెను. ఆ ఒక్క పాదమంత సమాచారాన్ని అసలు యంత్రానికీ నకలుకూ ఇచ్చినచో, రెండూ చదివేది ఒకే పాఠాన్ని. అయినా కొత్త ప్రతిని విని పలువురు వాద్యకారులు పెదవి విరిచినారు. వారి ఆక్షేపణ విచిత్రమైనది. నకలు బాగుండలేదని కాదు. మరీ శుభ్రంగా ఉన్నదని! నేటి కంప్యూటరుకు తోక అంకెలు తెంచవలసిన అవసరం లేదు. పరిష్కర్త వ్రాయసకాని తప్పులన్నీ దిద్దివేసినాడు; పద్యం నిర్దుష్టమైనది, చదువరికి మాత్రం పరాయిదైనది.

ఇది కేవలం పాతదనం మీది మమకారమని అందామా అంటే, అదీ పూర్తిగా పొసగదు. 1987లో యమహా సంస్థ తానే డి.ఎక్స్.7కు రెండవ తరం యంత్రాన్ని తెచ్చినది. దానిలో 16 బిట్ల పరివర్తకం పెట్టినది. అది నిశ్శబ్దమైనది, స్పష్టమైనది. అయినా మొదటి యంత్రపు గరుకుదనమే కావలెనని వెదకేవారు నేటికీ ఉన్నారు. కన్నతల్లి చేతి సవరణనే ఒప్పుకోనివారు, పొరుగింటి సాఫ్ట్‌వేర్‌ను ఒప్పుకుంటారా?

మరొక చమత్కారం చెప్పవలెను. ఈ యంత్రానికి లోకంలో పేరు తెచ్చిన నాదం దానిలోని ఎలక్ట్రిక్ పియానో. 1980వ దశకపు పాశ్చాత్య ప్రణయగీతాలలో గాజుపలకను మెల్లగా మీటినట్లు వినిపించే ఆ నాదాన్ని ఎరుగని చెవి అరుదు. మన సినిమా వాద్యగోష్ఠులలోనూ ఆ దశకంలో ఎలక్ట్రానిక్ కీబోర్డులు పీట వేసుకున్నవి. అయితే ఆ నాదం మొదట దేనికి అనుకరణ? లోహపు కమ్మీలను సుత్తులతో కొట్టి పలికించే, నలుగురు మోయవలసిన పాత ఎలక్ట్రిక్ పియానోకు. పోలిక సరిగా కుదరలేదు. కుదరనిదే జనానికి నచ్చినది. ఒకదానికి నకలుగా పుట్టినది తానే అసలై కూర్చున్నది. ఇప్పుడు దాని నకళ్ల విశ్వసనీయతను గురించి పండిత చర్చలు జరుగుతున్నవి.

పోల్చడంలో కూడ న్యాయముండవలెను. తరచు జరిగే అన్యాయమొకటి ఉన్నది. కీబోర్డు మెట్టును ఎంత బలంగా నొక్కినామో 0 నుండి 127 వరకు అంకెలతో తెలిపే పద్ధతి ఒకటి సంగీత యంత్రాలన్నిటా ఉన్నది. డి.ఎక్స్.7 సొంత మెట్లను ఎంత గట్టిగా కొట్టినా ఆ 127ను అందుకోవు. ఈ తరహా యంత్రాలలో బలం పెరిగితే ధ్వని మాత్రమే కాదు, నాదం పదును కూడ పెరుగుతుంది. నేటి కీబోర్డుతో సాఫ్ట్‌వేర్‌ను వాయించే కుర్రవాడు సునాయాసంగా 127 కొట్టి, అసలు యంత్రం తన మెట్ల మీద ఎన్నడూ పలకనంత కరకు నాదాన్ని రప్పించి, "చూచినారా, నకలు నకలే" అంటాడు. అక్కడ తప్పు లెక్కది కాదు, వేలిది.

ఇటీవలి ప్రతులు ఈ విషయంలో చాల ముందుకు పోయినవి. డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఎవరైనను తెచ్చుకుని వాడుకోవచ్చును. దానిలో మూడు రకాల లెక్కలున్నవి. మొదటిది నేటి కంప్యూటరు శక్తికి తగిన శుద్ధమైన లెక్క. రెండవది తక్కువ స్థానాల పట్టికలతో, తొలి డి.ఎక్స్.7కు దగ్గరగా పోవాలని చేసినది. మూడవది యమహా వారి మరింత చౌక చిప్‌ల ధోరణిలో నడిచేది. కడపలో బ్రౌను దొర పండితులను కూర్చుండబెట్టి ప్రతులను పోల్చి చూపించిన సంగతి మనకు తెలుసు. పాఠాంతరాలను అడుగున చూపి నిర్ణయాన్ని చదువరికి విడిచిపెట్టే మంచి పరిష్కర్త పని ఇది. 2021లో కెన్ షిరిఫ్ అనే అమెరికన్ ఇంజనీరు డి.ఎక్స్.7 చిప్ పైకప్పును తొలగించి, సూక్ష్మదర్శిని క్రింద ఫోటోలు తీసి, లోపల చెక్కిన పట్టికలను చదివి ప్రకటించినాడు. అంతవరకు చెవితో విని ఊహించినది ఇప్పుడు కంటికి కనబడినది. తప్పులతో సహా నకలు చేయడానికి దారి తెరచుకున్నది.

మరి అసలు యంత్రానికి ఇంకా మిగిలినదేమిటి? చిప్ దాటిన తరువాత వచ్చే విద్యుత్ మార్గమున్నది. దాని సన్ననైన బుసబుస ఉన్నది. నా మటుకు నాకు, పది వాద్యాల నడుమ వినిపించినప్పుడు జాగ్రత్తగా చేసిన నకలును పట్టుకోవడం సాధ్యం కాదనే తోస్తున్నది. ఒంటరిగా మ్రోగి మెల్లగా ఆరిపోయే పియానో స్వరంలో మాత్రం చెవికి ఏదో తగులుతుంది. అంతకంటె పెద్ద భేదం చేతిది. డి.ఎక్స్.7 మీద నాదాన్ని మార్చవలెనంటే ఒక చిన్న తెర, వరుస బొత్తాములు, జరపడానికి ఒకే ఒక మీట, అంతే. ఒక్కొక్క విలువను విడిగా పిలిచి మార్చుకోవలెను. వాద్యకారులు పెక్కుమంది ఆ శ్రమకు ఓర్వలేక యంత్రంతో వచ్చిన నాదాలతోనే సరిపెట్టుకున్నారు. ఓర్చినవారిలో ఇంగ్లీషు స్వరకర్త బ్రయన్ ఈనో ఒకడు. సాఫ్ట్‌వేర్‌లో ఆరు తరంగాలూ ఒకే తెర మీద కనిపిస్తాయి. నేర్చుకునే విద్యార్థికి దీనికి మించిన బోధనోపకరణం లేదు. మూలప్రతి గొప్పదనానికి భంగం లేకుండానే ఈ మాట చెప్పవచ్చును.

ఈలోగా అసలు యంత్రాలు ముసలివైపోతున్నవి. ఆ చిప్‌లు యమహా వారు తమ కోసమే చేయించుకున్నవి. ఒకటి పాడైతే మరొక పాత యంత్రం కడుపు కోసి తీయవలెను. వాటి జ్ఞాపకశక్తిని నిలిపి ఉంచేది లోపల అతికించిన రూపాయి బిళ్లంత బ్యాటరీ. అది ఆరిపోయిన నాడు యంత్రంలో భద్రపరచిన 32 నాదాలూ చెరిగిపోతాయి. అందుచేత పాత యంత్రాన్ని కొన్నవారు బ్యాటరీ మార్చడానికి ముందు ఒక తీగతో కంప్యూటరుకు కలిపి, లోపలి నాదాలను దించుకుంటారు. కొన్నింటిలో కంపెనీ నాదాలే ఉంటాయి. కొన్నింటిలో వెనుకటి యజమాని ఓపికగా ఒక్కొక్క విలువే మార్చి చేసుకున్న నాదం ఉంటుంది, పది అక్షరాలకు మించకుండా దానికి పెట్టుకున్న పేరుతో. దించుకున్న తరువాత దానిని సాఫ్ట్‌వేర్‌లో తెరచి వింటారు.