విస్తరిలోని చక్కెర

తెలుగునాట ఇద్దరు కలసికొన్నప్పుడు "అన్నం తిన్నారా?" అని కుశలమడుగుట పరిపాటి. కూర తింటిరా యని గాని, పప్పు తింటిరా యని గాని యెవరును అడుగరు. కూర, పచ్చడి, పులుసు, పెరుగు - ఇవన్నియు అన్నమునకు ఆదరువులు మాత్రమే. అన్నమే భోజనము. భాషలో నిట్లు స్థిరపడిన భావము నేడు వేలకొలది ఇండ్లలో వైద్యునికిని రోగికిని నడుమ అడ్డుగోడయై నిలిచినది. "అన్నము తగ్గింపుడు" అని వైద్యుడనగా, "అన్నము మాని మనిషి బ్రతుకునా?" అని ఇంటివారు బెంగపెట్టుకొందురు.

ఆ బెంగ ఎంతవరకు సహేతుకమో విచారింపదగిన కాలము వచ్చినది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటితమైన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము, మన దేశమున 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహ పీడితులు. మరి 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధికి గడపయందు నిలిచియున్నారు. ఈ సంఖ్యలలో పాఠశాలల ఉపాధ్యాయులును, విద్యార్థుల ఇండ్లలోని పెద్దలును కలరు.

తూము, కాలువ, పొలము

అన్నమునందలి ముఖ్యపదార్థము పిండి. నాలుకకు తీపి తోచకపోయినను, పిండి యనగా గ్లూకోజు అను చక్కెర కణములు గొలుసువలె కూడియుండుటయే. నోటిలోని లాలాజలమును, ప్రేవులలోనికి చేరు క్లోమరసమును ఆ గొలుసును త్రెంచివైచును. విడిపోయిన చక్కెర రక్తమున కలియును. రక్తమునుండి అది కండరములలోనికి పోవుటకు ఇన్సులిన్ అను రసము ద్వారము తెరచును. ఈ రసము క్లోమమునందలి చిన్న కణద్వీపములలో పుట్టును. 1869లో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ లాంగర్‌హాన్స్ వానిని మొదట గుర్తించెను.

కృష్ణా గోదావరీ మండలముల బాలురకు దీనిని కాలువతో పోల్చి చెప్పిన సులభముగా బోధపడును. రక్తము కాలువ, కండరములు పొలములు, ఇన్సులిన్ తూము తలుపును ఎత్తు చేయి. తలుపెత్తువాడే లేకపోవుట మొదటి రకపు మధుమేహము. ఇది తరచు బాల్యమునందే కనిపించును. తలుపు త్రుప్పుపట్టి, ఎంత లాగినను సరిగా లేవకపోవుట రెండవ రకము. పెద్దలలో కానవచ్చునది చాలవరకు ఇదియే. తూము బిగిసినపుడు కాలువ పొంగును. అపుడు చేయదగినవి రెండే పనులు: తూమును బాగుచేయుట, పైనుండి వదలు నీటిని తగ్గించుట. మందులు, వ్యాయామము, స్థూలకాయమును తగ్గించుకొనుట మొదటి పనికి తోడ్పడును. పిండిపదార్థములను తగ్గించుట రెండవ పని.

ఆ నీరెంతయో లెక్కింతము. పెద్దవాని శరీరమున ప్రవహించు రక్తమంతటిలోను ఒక వేళకు ఉండవలసిన చక్కెర దాదాపు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు. నూరు గ్రాముల తెల్లబియ్యములో పిండి సుమారు 78 గ్రాములు. కష్టజీవి ఒక పూట తిను అన్నమునకు 150 గ్రాముల బియ్యము పట్టుననుకొన్నచో, ఆ విస్తరిలోని పిండి 117 గ్రాములు, అనగా ఇరువది మూడు చెంచాల చక్కెరకు సమానము. కాఫీలో అరచెంచా చక్కెర మాని, ఆ తృప్తితో విస్తరినిండ అన్నము కలుపుకొనువాడు దొడ్డిదారి మూసి సింహద్వారము తెరచియుంచినవాడే.

పూర్వులు కనుగొన్నది

ఈ వ్యాధి క్రొత్తది కాదు. దానికి ఆహారముతోగల సంబంధమును క్రొత్తగా తెలిసినది కాదు. చరక సుశ్రుతుల సంహితలు ప్రమేహములను ఇరువదిగా విభజించినవి. రోగి మూత్రమునకు చీమలు చేరుటను పూర్వులు గమనించిరి. పుట్టుకతో వచ్చు ప్రమేహమునకు లోనైనవాడు కృశించియుండుననియు, అపథ్యమువలన తెచ్చుకొన్నవాడు స్థూలుడై యుండుననియు సుశ్రుతము వేరుపరచినది. నేటి రెండు రకముల విభజనకు ఇది ఆశ్చర్యకరమైనంత సమీపము. చరకుడు క్రొత్త ధాన్యమును, బెల్లపు వంటకములను, కదలక కూర్చుండు సుఖమును కారణములుగా పేర్కొని, రోగికి యవలను ముఖ్యాహారముగా విధించెను. దరిద్రుడైన రోగి చెప్పులును గొడుగును లేక నూరు యోజనములు నడువవలెననియు, లేదా బావి త్రవ్వవలెననియు సుశ్రుతము చెప్పినది. "పథ్యము" అను మాట మన భాషలో నేటికిని సజీవముగా నుండుటకు ఇట్టి వైద్యసంప్రదాయమే మూలము.

పాశ్చాత్య దేశములలో 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రమునందలి తీపి చక్కెరయే యని నిరూపించెను. 1797లో జాన్ రోలో అను సైనిక వైద్యుడు, మెరిడిత్ అను స్థూలకాయుడైన సేనానికి ధాన్యములను బహుమితముచేసి మాంసప్రధానమైన ఆహారమిచ్చి, వ్యాధి లక్షణములు తగ్గుటను గ్రంథస్థము చేసెను. 1870లో ప్రష్యా సేనలు పారిస్ నగరమును ముట్టడించినపుడు ప్రజలకు తిండి కరవయ్యెను. ఆ కరవులో తన రోగుల మూత్రమునుండి చక్కెర తొలగిపోవుటను బూషార్దా అను ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టెను. ఊరంతటికిని ఆపదయైనది ఈ రోగులకు ఔషధమయ్యెను!

అయినను ఈ మార్గమునకు ఒక హద్దు కలదు. దానిని చరిత్ర కఠినముగా బోధించినది. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ అలెన్ రోగులను దాదాపు ఉపవాసముతో నిలుపజూచెను. మొదటి రకపు వ్యాధిగల పిల్లలు దానివలన కొన్ని మాసములు, కొన్ని సంవత్సరములు ఎక్కువ బ్రతికిరే గాని ఎముకల గూళ్ళైరి. 1922 జనవరిలో టొరంటో నగరమున లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి తొలిసారిగా ఇన్సులిన్ సూదిమందు ఇచ్చిరి. మృత్యుముఖమునందున్న ఆ బాలుడు కోలుకొని మరి పదమూడేండ్లు జీవించెను. "లంఖణం పరమౌషధం" అను సామెత జ్వరములకు వర్తించిన వర్తించుగాక! ఇన్సులిన్ పుట్టని దేహమునకు ఇన్సులినే పరమౌషధము. ఏ పథ్యమును దానికి ప్రత్యామ్నాయము కాజాలదు.

ఒక ఇంజనీరు పట్టుదల

ఇన్సులిన్ వచ్చిన పిమ్మట పథ్యము వెనుకబడెను. తినునది తిని, దానికి సరిపడ మందు తీసికొనవచ్చునను ధోరణి ప్రబలెను. దీనిని ప్రశ్నించినవాడు వైద్యుడు కాడు, రోగి. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అను అమెరికా దేశీయునకు 1946లో, పండ్రెండవ యేట, మొదటి రకపు మధుమేహము పట్టుకొనెను. వైద్యులు చెప్పినట్లే తినుచు, ముప్పదియేండ్లు దాటునప్పటికి మూత్రపిండముల జబ్బు మొదలుగా అనేక ఉపద్రవములకు లోనయ్యెను. వృత్తిరీత్యా ఇంజనీరగుటచే కొలత లేనిదే దేనిని నమ్మని స్వభావమాతనిది.

1969లో రక్తమునందలి చక్కెరను నిమిషములో తెలుపు యంత్రమొకటి ఆసుపత్రుల నిమిత్తము వెలువడెను. అది వైద్యులకే అమ్మబడును. బెర్న్‌స్టీన్ భార్య వైద్యురాలగుటచే ఆమె పేరిట దానిని తెప్పించి, దినమునకు పలుమారులు తన రక్తమును తానే పరీక్షించుకొనసాగెను. పిండిపదార్థము హెచ్చినకొలది చక్కెర విపరీతముగా ఎగయుననియు, దానికి తగినట్లు హెచ్చించిన ఇన్సులిన్ అంత విపరీతముగా పడద్రోయుననియు ఆ కొలతలు తెల్పినవి. ఆతడు దినమునకు 30 గ్రాముల పిండిపదార్థముతో సరిపెట్టుకొని, ఇన్సులిన్‌ను స్వల్ప మోతాదులలో తీసికొని, చక్కెరను అదుపునకు తెచ్చుకొనెను. వైద్యుడు కానివాని వ్యాసములను వైద్యపత్రికలు ప్రకటింపలేదు. అందుచే నలుబదియైదవ యేట వైద్యకళాశాలలో చేరి 1983లో పట్టము పొందెను. 2025లో, తొంబదియవ యేట మరణించువరకు ఆ పద్ధతినే బోధించెను. ఆతని కఠిన నియమము అందరికిని సాధ్యము కాకపోవచ్చును. కాని రోగి తన రక్తమును తాను కొలుచుకొనవలెనను ఆతని వాదము నేడు సర్వసమ్మతమైనది.

శాస్త్రము నేడేమనుచున్నది?

2019లో అమెరికా మధుమేహ సంఘము తన పోషణ నివేదికయందు, రక్తమునందలి చక్కెరను తగ్గించుటలో మొత్తము పిండిపదార్థములను తగ్గించుటకే అత్యధిక సాక్ష్యము కలదని అంగీకరించెను. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన సమీక్ష 23 పరిశోధనలను పరిశీలించినది. దినమునకు 130 గ్రాములలోపు పిండిపదార్థము తిన్నవారిలో ఆరు మాసములకు వ్యాధి ఉపశమించినవారు ఎక్కువగా నుండిరనియు, ఏడాది గడచునప్పటికి ఆ ప్రయోజనము తగ్గినదనియు అది తేల్చెను. మార్గము మంచిదే; కడదాక నడుచుటయే కష్టము.

ఆ 130 గ్రాములను మన విస్తరితో పోల్చిచూడుడు. పైన లెక్కించిన ఒక పూట అన్నముతోనే దినపు వంతు దాదాపుగా ముగిసిపోవుచున్నది.

ఇచట ఒక భ్రమను తొలగింపవలెను. అన్నము మాని జొన్నరొట్టెయో, రాగిసంకటియో ఇష్టమువచ్చినంత తినవచ్చునని పెక్కురు తలచుచున్నారు. నూరు గ్రాముల జొన్నలలోను, రాగులలోను పిండిపదార్థము 70 గ్రాములకు అటునిటుగా నున్నది. పీచు హెచ్చుగా నుండుటచే అవి తెల్లబియ్యముకంటె మేలే గాని, పరిమాణము తగ్గింపనిచో ఫలము స్వల్పము. పల్నాటి జొన్నకూటిని నిందించిన చాటువులు శ్రీనాథుని పేర ప్రచారమునందున్నవి. సన్నబియ్యమే గౌరవచిహ్నమను భావమునకు అవి సాక్ష్యములు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చిన పిదప ఆ గౌరవము పేదవాని ముంగిటికిని చేరినది. ఆకలిని తీర్చిన ఆ బియ్యమును తూలనాడుట న్యాయము కాదు. అన్నముచుట్టును ఉండవలసినవి పేదవాని విస్తరిలో చేరకపోవుటయే లోపము.

రెండవ రకపు రోగి చేయదగినది విస్తరిని తలక్రిందులు చేయుట. ఆదరువును భోజనముగను, అన్నమును ఆదరువుగను భావింపవలెను. వంకాయ, బెండ, బీర, సొర, దొండ, కాకర, గోంగూర, తోటకూర విస్తరిలో సగము ఆక్రమింపవలెను. గ్రుడ్డు, చేప, పెరుగు, వేరుసెనగలు మాంసకృత్తుల నిచ్చును. పప్పు మంచిదే గాని కందిపప్పులో సగమునకు పైగా పిండిపదార్థమే. చిలగడదుంప, కంద, బంగాళాదుంప కూరలుగా గాక అన్నములోని భాగముగా లెక్కింపదగినవి. మొదట కూరయు మాంసకృత్తులును తిని, చివర పిడికెడన్నము తిన్నచో చక్కెర ఎగయుట తగ్గునని పరిశోధనలు తెల్పుచున్నవి. భోజనానంతరము కొంత దూరము నడచుట సుశ్రుతుని నూరు యోజనములకు నేటి సంక్షేపము.

అపాయములు

2018 ప్రాంతమున తెలుగునాట ఒక అలవలె వ్యాపించిన కొవ్వుల పథ్యమును చేపట్టి, మందులను స్వయముగా మానివేసినవారు కలరు. అది ప్రాణాపాయకరము. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని తీసికొనువారు మోతాదు మార్చక అన్నము తగ్గించినచో చక్కెర మితిమీరి పడిపోవును. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారు పిండిపదార్థములను బొత్తిగా మానినచో రక్తము ఆమ్లమయమగు ప్రమాదము కలదు. గర్భిణులును, మూత్రపిండముల వ్యాధిగలవారును ప్రత్యేకముగా జాగ్రత్త పడవలెను. కనుక అన్నము తగ్గించుటకు పూర్వమే వైద్యుని చూచి మందును సరిచేయించుకొనవలెను. వ్యాధి లేని పిల్లలకు ఈ పథ్యము విధింపరాదు.

ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన సంగతి మరియొకటి కలదు. తరగతినుండి మాటిమాటికి మూత్రమునకై బయటికి పోవగోరు విద్యార్థి అల్లరివాడే కానక్కరలేదు. వానికి దాహమెక్కువై, కొలది వారములలోనే చిక్కిపోయినచో, మొదటి రకపు మధుమేహమేమోనని శంకించి, ఆ దినముననే రక్తపరీక్షకు పంపవలెను. వాంతులును, ఆయాసమును మొదలైనచో గంటలే గడువు. ఇన్సులిన్ తీసికొను పిల్లవాడు అకస్మాత్తుగా చెమటలు పట్టి, వణకి, అడిగినదానికి పొంతనలేని సమాధానములు చెప్పినచో, అది చక్కెర పడిపోవుటకు సూచన. స్పృహయున్నచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్పవలెను. పెద్దలకు ఏ చక్కెరను తగ్గింపుడని బోధించుచున్నామో, ఆ చక్కెరయే ఆ క్షణమున ఆ బిడ్డకు ప్రాణదాత.

ప్రతి పాఠశాలలోను ఉపాధ్యాయుల గదియందు ఒక చిన్న డబ్బాలో చక్కెర నిలువయుంచుట వ్యయముతో కూడిన పని కాదు. ఏ విద్యార్థికి అది అవసరమగునో ఉపాధ్యాయులందరును ఎరిగియుండుటయు కష్టము కాదు. ఈ రెండును నేడే చేయదగినవి.