జర్మను భాషకు తెలుగు త్రోవ

జర్మను భాష మిక్కిలి కఠినమని లోకమున వాడుక. అమెరికా హాస్యరచయిత యగు మార్క్ ట్వేను 1880వ సంవత్సరమున ఈ భాషయందలి లింగములను, విభక్తులను పరిహసించుచు ఒక వ్యాసమునే ప్రకటించెను. ఇంగ్లీషు మాటాడువాని కవి వింతలే. విభక్తులతో పుట్టి పెరిగిన తెలుగువారి కంత భయము పనిలేదు.

ఇది వేడుకకు మాత్రమే తెలిసికొనదగిన విషయము కాదు. జర్మను దేశమున 2007వ సంవత్సరమున చేసిన చట్టమును బట్టి, అచ్చటనున్న భర్తను చేరబోవు భారతస్త్రీ, కొన్ని మినహాయింపులు తప్ప, వీసా పొందుటకు ముందే ఆ భాషలో మొదటి మెట్టు జ్ఞానమును చూపవలసి యున్నది. ఆ పరీక్ష తప్పినచో దంపతుల యెడబాటు మఱికొంత కాలము సాగవచ్చును. ఇంగ్లీషు ద్వారమున జర్మను నేర్చు మన యాడపడుచులు తెలుగు ద్వారమున గూడ ప్రవేశించిరేని పెక్కు చిక్కులు విడిపోవును.

మొదట విభక్తులు. జర్మనులో నాలుగే కలవు: ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి. మనము ప్రత్యయమును నామము చివర చేర్తుము. వారు నామమునకు ముందుండు చిన్న మాటను మార్తురు. పుంలింగమున కా మాట వరుసగా డేర్, డేన్, డేమ్, డెస్ అగును. స్త్రీలింగమునకు డీ, డీ, డేర్, డేర్. నపుంసకమునకు డాస్, డాస్, డేమ్, డెస్. "డీ ముట్టర్ గిప్ట్ డేమ్ జోన్ డేన్ ఆప్ఫెల్" అనగా "తల్లి కుమారునకు ఆపిలుపండు నిచ్చును" అని యర్థము. డేమ్ అనునది మన "కు". డేన్ అనునది మన "ను". తెలుగున పండునకు "ను" చేర్పకున్నను చెల్లును గాని జర్మనులో డేన్ విడువరాదు.

చలివేసినపుడు మనము "నాకు చలిగా నున్నది" అందుము. జర్మనులును "మీర్ ఇస్ట్ కాల్ట్" అందురు. మీర్ అనగా "నాకు" అనియే. ఇంగ్లీషును బట్టి "ఇష్ బిన్ కాల్ట్" అన్నచో, "నేను స్నేహభావము లేని దానను" అను నర్థము స్ఫురించును. అట్లే "అతనికి సహాయము చేయుదును" అనునపుడు చతుర్థియే వచ్చును: "ఇష్ హెల్ఫె ఈమ్." "అతనిని అడుగుదును" అనునపుడు ద్వితీయయే: "ఇష్ ఫ్రాగె ఈన్." అన్ని క్రియలును ఇట్లు కలియవు గాని, కలిసినవి మనకు సుళువు.

సర్వనామములలో "జీ" అను మాట జాగ్రత్తగా చూడదగినది. దానికి "ఆమె" అనియు, "వారు" అనియు, గౌరవముతో "మీరు" అనియు మూడర్థములు. "జీ కొమ్ట్" అన్నచో ఆమె వచ్చును. "జీ కొమ్మెన్" అన్నచో వారు గాని, మీరు గాని వత్తురు. "మీరు" అను నర్థమున వ్రాతలో మొదటి యక్షరము పెద్దది. ఒక్కరినే గౌరవించి బహువచనమున పలుకుట మన కలవాటే. "నీవు" అనుటకు "డూ" కలదు. పరిచయము లేని వైద్యుని, అంగడివారిని "జీ" యనవలెను. ఇంటిలో తల్లిదండ్రులను, అవ్వతాతలను గూడ "డూ" అనియే పిలుతురు. ఇది అచ్చట అమర్యాద కాదు.

ఇక పదక్రమము. సామాన్యవాక్యమున క్రియ రెండవ స్థానమున నుండును. రెండవ మాట యని కాదు, రెండవ భాగమని భావము. పండును ముందునకు తెచ్చి "డేన్ ఆప్ఫెల్ గిప్ట్ డీ ముట్టర్ డేమ్ జోన్" అన్నను "గిప్ట్" కదలదు, అర్థమును చెడదు. ప్రశ్నించునపుడు "గిప్ట్ డీ ముట్టర్..." అని క్రియ ముందునకు వచ్చును. "ఏలయనగా" అను నర్థముగల "వైల్" వచ్చినచో క్రియ మన తెలుగువలె చివరకు పోవును: "వైల్ డేర్ జోన్ హుంగర్ హాట్", అనగా "కుమారునకు ఆకలిగా నున్నందున." ఇంగ్లీషువారు తడబడు నీ తావున మనకు స్వస్థలము చేరినట్లుండును.

తెలుగు తోడుపడనిది లింగవిషయమున. జర్మనులో చెంచా పుంలింగము, ముల్లుచెంచా స్త్రీలింగము, కత్తి నపుంసకము! బాలికయను నర్థముగల "మేడ్షెన్" సైతము నపుంసకమే. "షెన్" అను ముద్దుప్రత్యయము చేరిన ప్రతి మాటయు నట్లే యగును. దీనికి మనము నవ్వరాదు. "బాలిక వచ్చినది, బండి వచ్చినది" అని మనమును ఒకే క్రియను వాడుచున్నాము గదా! ఏకవచనమున స్త్రీవాచకములు అమహద్వాచకములతో చేరుట మన వ్యాకరణమునను కలదు.

కావున ప్రతి నామమును డేర్, డీ, డాస్ లతో గూడ కంఠస్థము చేయవలెను. ఒంటిమాట నేర్చినవారికి విభక్తి యెన్నటికిని చిక్కదు. దినమునకు మూడు వాక్యములు వంటయింటి పనులను గూర్చియే వ్రాసి, ప్రతి నామముక్రింద "ను, కు, యొక్క" అని గుర్తులిడి చూచుకొనుడు. దూరదేశమునకు బోవు కూతురికో, కోడలికో తోడుగా కూర్చుండి అప్పగింపించుకొను తల్లులు సైతము ఈ గుర్తులను బట్టి తప్పొప్పులు చెప్పగలరు.