ఎక్స్‌పాత్‌లో కొటేషన్ గుర్తు

ఎత్తు 5'6" అని ఉన్న వివరాలను ఒక ఎక్స్‌ఎంఎల్ పత్రంలో వెతకాలనుకోండి. పెళ్లి సంబంధాల జాబితాల్లో రోజూ కనిపించే రాతే. అయినా ఎక్స్‌పాత్ 1.0లో ఆ నాలుగు అక్షరాలను ఒకే కొటేషన్ జతలో ఇమడ్చడం అసాధ్యం. దాని నియమం ఒక్కటే: మాటను సింగిల్ కోట్‌తో మొదలుపెడితే, మళ్లీ సింగిల్ కోట్ కనబడగానే మాట అయిపోయినట్టు, డబుల్ కోట్‌కూ అంతే. ఓ'నీల్ అన్న పేరును డబుల్ కోట్ల మధ్య, 6" అన్న కొలతను సింగిల్ కోట్ల మధ్య పెట్టొచ్చు. రెండు గుర్తులూ ఒకే మాటలో పడితే దారి మూసుకుపోతుంది. సీ, జావాల్లో అయితే గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి గట్టెక్కుతాం. ఎక్స్‌పాత్‌కు బ్యాక్‌స్లాష్ కూడా మామూలు అక్షరమే.

దీన్ని రూపకర్తల మరపుగా కొట్టిపారేయడం సరికాదు. జేమ్స్ క్లార్క్, స్టీవ్ డిరోజ్ సంపాదకత్వంలో 1999 నవంబరులో డబ్ల్యూ3సీ వెలువరించిన ప్రమాణంలోనే కొటేషన్ల చిక్కు ప్రస్తావన ఉంది. కాకపోతే వాళ్లు చూసింది బయటి పొరను. ఎక్స్‌పాత్ ఒంటరిగా బతకడానికి పుట్టిన భాష కాదు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ లాంటి చోట్ల ఒక ఆట్రిబ్యూట్ విలువగా ఒదిగి ఉంటుంది. ఆ ఆట్రిబ్యూట్‌కూ కొటేషన్లే సరిహద్దు. అందుకే అడ్డొచ్చే గుర్తును ఆంపర్సండ్‌తో మొదలై సెమీకోలన్‌తో ముగిసే సంకేతంగా రాయవచ్చన్నారు. అయితే ఎక్స్‌ఎంఎల్ పార్సర్ ఆ సంకేతాన్ని ముందే విప్పి అసలు గుర్తుగా మార్చేస్తుంది. ఎక్స్‌పాత్ చేతికి వచ్చేసరికి రక్షణ ఊడిపోయి ఉంటుంది. సంకేతం ఉండగా ఇంకేం కావాలనే వారికి జవాబు ఇదే: కవరు చిరగకుండా చూడటం వరకే దాని పని, లోపలి ఉత్తరంతో దానికి సంబంధం లేదు.

ఇక్కడే నాకు అమితంగా నచ్చే ఉపాయం ఒకటుంది. కాన్‌క్యాట్ అనే ఫంక్షన్ పని ముక్కలను అతికించడం. వెతకాల్సిన మాటను డబుల్ కోట్ ఉన్న ప్రతిచోటా తెగ్గొట్టండి. మిగిలిన ముక్కల్లో డబుల్ కోట్ ఉండదు కాబట్టి వాటిని నిశ్చింతగా డబుల్ కోట్లలోనే పెట్టొచ్చు. తెగిన చోట ఉన్న డబుల్ కోట్‌ను విడిగా సింగిల్ కోట్ల మధ్య కూర్చోబెట్టాలి. మన ఎత్తు అప్పుడు కాన్‌క్యాట్("5'6", '"') అవుతుంది. ఎంత గజిబిజి మాటైనా ఏ ముక్కలోనూ రెండు రకాల గుర్తులు కలిసి ఉండవు, కాబట్టి ఈ పద్ధతి ఎక్కడా విఫలం కాదు. (కాన్‌క్యాట్‌కు కనీసం రెండు ముక్కలివ్వాలి, డబుల్ కోట్ లేని మాటకు దాని అవసరమే లేదు.) ఇంత తిప్పలెందుకు, గుర్తును తీసేస్తే పోలా అనొచ్చు. తీసేస్తే వెతికేది వేరే మాటవుతుంది. వంపు తిరిగిన ’ను పెట్టినా అంతే: యూనికోడ్‌లో నిటారు గుర్తు సంఖ్య 0027, వంపుదాని సంఖ్య 2019, కంటికి ఒకేలా ఉన్నా పోలికలో అవి వేర్వేరు. పైగా ఇది తిప్పలతో ఆగే విషయం కాదు. లాగిన్ పెట్టెలో టైప్ చేసినదాన్ని నేరుగా ప్రశ్నలో అతికిస్తే, ఒక సింగిల్ కోట్‌తో మాటను మధ్యలోనే మూసేసి, వెనకాల ఎప్పుడూ నిజమయ్యే షరతు తగిలించి, పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి చొరబడొచ్చు. దీన్నే ఎక్స్‌పాత్ ఇంజెక్షన్ అంటారు.

అలాంటప్పుడు అతికించడమే మానాలి కదా అన్న అభ్యంతరం బలమైనదే, ఒప్పుకుంటాను. డాలరు గుర్తుతో మొదలయ్యే వేరియబుల్ 1.0లోనే ఉంది. దాని విలువ బయటినుంచి వస్తుంది, ఎక్స్‌పాత్ దాన్ని ప్రశ్నలో భాగంగా చదవదు, అందులో ఎన్ని కొటేషన్లున్నా నష్టం లేదు. పైథాన్‌లోని ఎల్‌ఎక్స్‌ఎంఎల్ ఆ వీలు ఇస్తుంది. బ్రౌజర్లలోని ఎవాల్యుయేట్ ఇవ్వదు. 2007లో వచ్చిన ఎక్స్‌పాత్ 2.0, ఎస్‌క్యూఎల్ మాదిరిగానే, గుర్తును వెంటవెంటనే రెండుసార్లు రాస్తే ఒక్కటిగా చదువుతుంది. "5'6""" అంటే చాలు: చివరి మూడు గుర్తుల్లో రెండు అంగుళాలకు, ఒకటి ముగింపుకు. బ్రౌజర్లు మాత్రం 1.0 దగ్గరే ఆగిపోయాయి, అక్కడ కాన్‌క్యాట్ ఇప్పటికీ రోజువారీ పనిముట్టే.