గడియారం మొరాయిస్తే స్టాప్‌వాచీయే దిక్కు

గోదావరిఖని: షిఫ్టు సైరన్‌తో రోజు లెక్కించుకునే బొగ్గుగనుల ప్రాంతంలో కాలం విలువ ఒకరు చెప్పనక్కరలేదు. బాస్కెట్‌బాల్‌లో అయితే సెకనుకే విలువ. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలుగా సాగే ఆటలో గడియారం ఆగిపోతే?

రిఫరీ విజిల్ వేసి ఆట ఆపుతాడు. టైమ్‌కీపర్‌ను, తోటి రిఫరీని అడిగి మిగిలిన సమయం తేలుస్తాడు. గడియారం బాగుకాకుంటే స్టాప్‌వాచీతో ఆడిస్తారు. సమయం లెక్కలో తప్పు దొర్లితే, స్కోరు పత్రంపై ప్రధాన రిఫరీ సంతకం పడేలోగా దిద్దవచ్చు.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్‌లో గడియారం గందరగోళం వల్ల చివరి మూడు సెకన్లు మళ్లీ ఆడించారు. సోవియట్ జట్టు 51-50తో గెలిచింది. అమెరికా ఆటగాళ్లు రజత పతకాలు తీసుకోలేదు.

మన మైదానాల్లోనూ బల్లపై స్టాప్‌వాచీ ఉండాలి. దాన్ని పట్టినవాడి చూపు బంతి వెంట పోరాదు.